కోపర్నికస్ బ్రౌజర్ రివ్యూ: రాజోలు దగ్గర లంకలో కూర్చుని హంప్టా పాస్ మంచు చూసుకున్నాం

ముందే చెప్పేస్తున్నా, ఇది డబ్బు పెట్టి కొనే వస్తువు కాదు. యూరప్ వాళ్ల సెంటినెల్ శాటిలైట్లు తీసిన ఫోటోలని ఎవరైనా చూసుకోవడానికి ఉచితంగా పెట్టిన వెబ్‌సైటు, పేరు కోపర్నికస్ బ్రౌజర్. మే, జూన్ నెలల్లో హిమాలయాలకి ట్రెక్కింగ్‌కి వెళ్లాలనుకునే మనవాళ్ల కోసం రాస్తున్నాను. ఈమధ్య మన వైపు నుంచి చాలామంది వెళ్తున్నారు, అమలాపురంలో మా ఆఫీసులోనే ముగ్గురు వెళ్లొచ్చారు. వాళ్లలో ఒక్కరు కూడా బయల్దేరే ముందు పైన మంచు ఎంతుందో, దాటాల్సిన వాగు ఎలా ఉందో కనుక్కోలేదు. ఏజెన్సీ వాళ్లు "అంతా బాగుందండి, వచ్చేయండి" అన్నారు, వీళ్లు వెళ్లారు. మొదటిసారి నేనూ అలాగే వెళ్లాను, ఏం జరిగిందో చెప్తేగానీ ఈ వెబ్‌సైటుకి నేను ఇన్ని మార్కులు ఎందుకు వేస్తున్నానో అర్థం కాదు.

రెండేళ్ల కిందట జూన్ మొదటి వారంలో నేను, మా బావ, బావ ఫ్రెండ్స్ ఇద్దరు కలిసి హంప్టా పాస్‌కి వెళ్లాం. మనాలి దగ్గర జోబ్రాలో నడక మొదలుపెట్టి, చికా, బాలూ కా ఘేరా మీదుగా 4,270 మీటర్ల ఎత్తున్న పాస్, అంటే కనుమ, ఎక్కి, అవతల షియా గోరులోకి దిగి, అక్కడి నుంచి ఛత్రూకి చేరతారు. అంటే కులూ లోయలో ఎక్కి లాహౌల్ వైపు దిగడం. అప్పుడు మమ్మల్ని తీసుకెళ్లిన ఏజెన్సీని ఫోన్‌లో అడిగితే మంచు పెద్దగా లేదు, మామూలు బూట్లు చాలు అన్నారు. అక్కడికి వెళ్లాక చూస్తే బాలూ కా ఘేరా దాటిన దగ్గర నుంచి అంతా మంచే. పొద్దున్న ఆలస్యంగా బయల్దేరదీశారు, పాస్ దగ్గరికొచ్చేసరికి పన్నెండున్నర అయింది. అప్పటికి ఎండకి మంచు మెత్తబడిపోయి అడుగు వేస్తే మోకాలి దాకా, ఒక్కోచోట తొడ దాకా దిగిపోతున్నాం. మా బావ కాలు మంచు కింద రెండు రాళ్ల మధ్య ఇరుక్కుంది. చేతులతో తవ్వి బయటికి తీయడానికి పావుగంట పట్టింది, మోకాలు మెలిపడి వాచిపోయింది.

అదయ్యాక ఇంకా ఘోరం. షియా గోరులో టెంట్లు వాగుకి అవతల వేశారు, మేం వాగు దగ్గరికి చేరేసరికి సాయంత్రం నాలుగున్నర. అంటే పొద్దుటి నుంచి కరిగిన మంచంతా సరిగ్గా ఆ టైముకే వాగులోకి వచ్చి చేరుతుందన్నమాట. ఆ రోజు మాకా సంగతి తెలీదు. గోదారి ఒడ్డున పుట్టినవాళ్లం, అందరికీ ఈత వచ్చు, ఈ వాగెంత అనుకుని దిగాం. నీళ్లు నడుము దాకా వచ్చాయి. ఆ నీళ్లలో ఈత ఎందుకూ పనికిరాదండి, అరనిమిషంలో కాళ్లు మొద్దుబారిపోతాయి, అడుగున రాళ్లు దొర్లుతుంటాయి, పడితే లేవడానికి నీళ్లు వ్యవధి ఇవ్వవు. బావ ఫ్రెండ్ ఒకడు పడిపోయాడు, గైడు జబ్బ పట్టుకుని లాగాడు కాబట్టి బతికాడు. ఆ క్షణం ఇప్పటికీ గుర్తొస్తే నాకు నిద్ర పట్టదు.

ఇంటికొచ్చాక ఈ కథంతా మావయ్యకి చెప్పాను. ఆయన సఖినేటిపల్లి రేవులో పంటు మీద చాలా ఏళ్లు సరంగుగా చేశాడు. అంతా విని ఒకటే అడిగాడు: "పైన ఎంతుందో కనుక్కోకుండా ఏట్లో ఎలా దిగార్రా?"

నిజమే కదా. మన లంకల్లో జులై వచ్చిందంటే చిన్నపిల్లాడు కూడా భద్రాచలంలో ఎన్ని అడుగులుందో అడుగుతాడు. 43 అడుగులొస్తే మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. తర్వాత ధవళేశ్వరం, అక్కడ 11.75, 13.75, 17.75. భద్రాచలంలో పెరిగిన నీళ్లు మన దగ్గరికి రావడానికి దాదాపు ఒక రోజు పడుతుంది, ఆ ఒక్క రోజులోనే గొడ్లని ఏటిగట్టు మీదకి తోలడం, బియ్యం బస్తాలు అటక మీదకి ఎక్కించడం, కాజ్‌వే మునిగేలోపు ముసలివాళ్లని దాటించడం అన్నీ జరగాలి. 2022 జులైలో భద్రాచలంలో 71 అడుగులు దాటినప్పుడు కూడా అంతే, ఇక్కడ రేవులో నీళ్లు మామూలుగా కనపడుతుండగానే మావయ్య సామాన్లు కట్టించాడు. ఇంటి దగ్గర ఇంత జాగ్రత్తగా ఉండేవాళ్లం, అక్కడికెళ్లి గుడ్డిగా దిగాం. మరి షియా గోరు వాగుకి భద్రాచలం ఏది? దానికి గేజీ లేదు, ఫోన్ చేసి అడగడానికి కంట్రోల్ రూమ్ లేదు. ఆలోచిస్తే దానికి భద్రాచలం పైనున్న మంచే. ఎంత మేర మంచుంది, ఎంత వేగంగా కరుగుతోంది అన్నది తెలిస్తే వాగు సంగతి సగం తెలిసినట్టే. అలా వెతుకుతుంటే దొరికింది ఈ కోపర్నికస్ బ్రౌజర్.

ఇందులో సెంటినెల్-2 అనే శాటిలైట్ల ఫోటోలు చూడాలి. మొదటిది 2015లో పంపారు, రెండోది 2017లో, మొదటిదాని స్థానంలోకి మూడోది 2024లో. ఇప్పుడు పనిచేసే జంట కలిసి ఒకే చోటికి 5 రోజులకోసారి వస్తుంది. తీసిన రోజో మర్నాడో ఫోటో వెబ్‌సైట్‌లోకి వచ్చేస్తుంది. ఉచితంగా అకౌంట్ పెట్టుకోవచ్చు, పెట్టుకోండి. ఫోన్‌లో కాకుండా కంప్యూటర్‌లో చూడండి, ఇది పెద్ద తెర మీద చూడాల్సిన పని.

మొదటిరోజే హిమాలయాలు తెరవకండి, ఏమీ అర్థం కాదు. మీ ఊరు తెరవండి. నేను వసిష్ఠ పాయ మీదకి జూమ్ చేసి మా లంక వెతుక్కున్నాను. ఈ ఫోటోల్లో ఒక్కో గడి, అంటే పిక్సెల్, 10 మీటర్లు పొడవు, 10 మీటర్లు వెడల్పు, అంటే నూరు చదరపు మీటర్లు, మన లెక్కలో దాదాపు రెండున్నర సెంట్లు. మా అరెకరం కొబ్బరితోట మొత్తం కలిపి ఇరవై గడులు. కొబ్బరిచెట్టు కనపడదు, తోట కనపడుతుంది. పంటు కనపడీ కనపడనట్టు ఉంటుంది, ఇసుక తిన్నె మాత్రం స్పష్టంగా కనపడుతుంది. కిందటేడు ఏప్రిల్‌దీ ఈ ఏడాది ఏప్రిల్‌దీ పక్కపక్కన పెట్టి చూస్తే తిన్నె ఎటు పెరిగిందో, గట్టు ఎక్కడ కోసుకుపోయిందో తెలిసిపోతుంది. మావయ్యకి ఇదంతా చూపిస్తే కళ్లజోడు పెట్టుకుని తెరకి అంత దగ్గరగా వచ్చి చాలాసేపు చూశాడు. "ఇదుగో, ఈ మేట మూలానే కదా మేం పంటుని చుట్టూ తిప్పి తెచ్చేది" అని వేలు పెట్టి చూపించాడు. నీళ్లు లోతుగా ఉన్నచోట ముదురు రంగు, పలచగా పరుచుకున్నచోట లేత రంగు, అది ఆయన చూడగానే చెప్పేశాడు. నాకు పట్టుబడటానికి రెండు రోజులు పట్టింది. మీ కళ్లకి తెలిసిన నేల మీద ఇలా కాస్త సాధన చేస్తే, తెలియని నేల మీద ఏం చూస్తున్నారో మీకే అర్థమవుతుంది.

ఇప్పుడు మంచు సంగతి. మామూలు రంగుల్లో చూస్తే మంచూ తెలుపే, మబ్బూ తెలుపే, రెండిటికీ తేడా తెలీదు. చాలామంది ఇక్కడే మోసపోతారు. అదే ఫోటోని రకరకాల రంగుల్లో చూపించే లేయర్ల జాబితాలో ఎస్‌డబ్ల్యుఐఆర్ (SWIR) అని ఒకటుంది, అది పెట్టండి. మన కంటికి కనపడని పరారుణ కాంతిలో ఒక భాగాన్ని మంచు పీల్చేసుకుంటుంది, నీటి మబ్బు తిప్పికొడుతుంది. అందుకని ఆ లేయర్లో మంచు లేత నీలంగా వస్తుంది, మబ్బు తెల్లగానే ఉంటుంది, చెట్లు ఆకుపచ్చ, వట్టి నేల గోధుమరంగు. బాగా ఎత్తున ఉండే పల్చటి మంచుస్ఫటికాల మబ్బులు ఒక్కోసారి నీలంగా వచ్చి కంగారు పెడతాయి, కానీ వాటికి అంచులు చెదిరినట్టుంటాయి, కొండ గీతల్ని పట్టుకుని ఉండవు. ఈ లేయర్లో గడి 20 మీటర్లు, అంటే పది సెంట్లు.

నేను అన్నిటికన్నా ముందు చేసిన పని, రెండేళ్ల కిందట మేం వెళ్లిన తేదీ తెరవడం. చాలా ఏళ్ల వెనక్కి వెళ్లి చూడొచ్చు, అది ఈ వెబ్‌సైటులో ఉన్న గొప్ప గుణం. మేం పాస్ ఎక్కడానికి నాలుగు రోజుల ముందు తీసిన ఫోటో ఒకటి దొరికింది, మబ్బు లేదు. బాలూ కా ఘేరా నుంచి పాస్ దాకా, అవతల షియా గోరు దాకా ముద్దగా నీలం. దాని ముందు ఏడాది అదే వారం ఫోటో తెరిస్తే ఎక్కేవైపు సగం గోధుమరంగే. ఏజెన్సీ వాళ్లు మాకు చెప్పింది ఆ ముందు ఏడాది సంగతి. రెండు ఫోటోలు పక్కపక్కన పెట్టుకుని నేను చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. ఒక్క రూపాయి ఖర్చు లేకుండా, పది నిమిషాల్లో మా ఇంట్లో కూర్చుని తెలుసుకోగలిగిన విషయానికి ఒక మనిషి ప్రాణం మీదకి వచ్చింది.

ఈ ఏడాది మళ్లీ వెళ్దామని బావే అన్నాడు. ఈసారి ఏప్రిల్ నుంచి ప్రతి 5 రోజులకీ ఫోటో చూసి, కాగితం మీద రాసుకుంటూ వచ్చాను. మే 12 ఫోటోలో బాలూ కా ఘేరా కిందకి కూడా నీలం. 17న మబ్బు, ఏమీ లేదు. 22న కింద అంచు కొద్దిగా పైకి జరిగింది. 27న మళ్లీ మబ్బు. జూన్ 1 వచ్చేసరికి ఎక్కేవైపు నీలంలో గోధుమరంగు మచ్చలు. మేం టికెట్లు తీసుకున్నది జూన్ 5కి. కరుగుతున్న తీరు చూస్తే ఇంకో వారం ఆగితే మేలనిపించి టికెట్లు మార్చుకున్నాం, కొంత డబ్బు పోయింది, పోనివ్వండి. 11వ తేదీ ఫోటోలో ఎక్కేవైపు చాలామేరకు నేల తేలింది, పాస్ మీద, దిగేవైపు మాత్రం నీలం అలాగే ఉంది. ఉత్తరం వైపు తిరిగిన వాలు మీద ఎండ తక్కువ, అక్కడ మంచు ఆలస్యంగా పోతుంది. ఎక్కేటప్పుడు నేల కనపడిందని, మంచు మీద జారకుండా బూట్లకి తగిలించుకునే స్పైక్స్ వదిలేసి వెళ్తే దిగేటప్పుడు ఇరుక్కుపోతారు. మేం నలుగురికీ మనాలిలో మైక్రో స్పైక్స్, బూట్లలోకి మంచు పోకుండా మోకాలి దాకా కట్టుకునే గేటర్స్ అద్దెకి తీసుకున్నది ఆ ఒక్క ఫోటో చూసే.

అయితే ఇక్కడ ఒక చిక్కుంది, నాకు ఇది అర్థం కావడానికే ఒక సీజన్ పట్టింది. మంచు తగ్గేదాకా ఆగితే నడక సులువు, కానీ వాగు పెరుగుతుంది. మే మొదట్లో వెళ్తే వాగులో నీళ్లు తక్కువ, కొన్నిచోట్ల వాగు మీదే మంచు కప్పేసి వంతెనలా ఉంటుంది, నడక మాత్రం నరకం. జూన్‌లో మంచు జోరుగా కరుగుతుంది కాబట్టి మధ్యాహ్నానికి వాగు ఉరకలేస్తుంది, మిగిలిన మంచు వంతెనలు కింద నుంచి తినేసుకుపోయి పైకి మాత్రం గట్టిగా కనపడతాయి. పోనీ ఇంకా ఆగుదామా అంటే జూన్ చివరికి కులూ వైపు వానాకాలం మొదలవుతుంది. కాబట్టి మంచు, వాగు రెండూ మనకి అనుకూలంగా ఉండే తేదీ అంటూ ఉండదు, తేదీతో మంచుని చూసుకోవాలి, గడియారంతో వాగుని చూసుకోవాలి. ఫోటో మొదటిదానికి పనికొస్తుంది, రెండోదానికి పనికిరాదు.

పనికిరాదని ఎందుకంటున్నానంటే, ఈ శాటిలైట్ ఎప్పుడొచ్చినా పొద్దున్న పదకొండు ప్రాంతంలోనే వస్తుంది. సాయంత్రం నాలుగింటికి వాగు ఎలా ఉంటుందో అది ఎన్నడూ చూడదు. పైగా అయిదారు మీటర్ల వాగు ఒక గడిలో సగం, నీళ్లూ రాళ్లూ గట్టూ కలిసిపోయి ఒకే రంగు వస్తుంది. మంచు ఎంత మేర ఉందో చెప్తుంది, ఎంత మందాన ఉందో చెప్పదు. జానెడు మంచైనా నీలమే, నిలువెత్తు మంచైనా నీలమే. రాత్రి గడ్డకట్టిందో లేదో కూడా చెప్పదు, ఎండాకాలం మంచు మీద నడిచేవాడికి అన్నిటికన్నా ముఖ్యం అదే.

ఆ గడ్డకట్టే సంగతికి వేరే లెక్క వేసుకోవాలి, కష్టమేమీ కాదు. వాతావరణ శాఖ మౌసమ్ యాప్‌లో మనాలి రాత్రి ఉష్ణోగ్రత చూడండి. మనాలి దాదాపు 2,050 మీటర్ల ఎత్తు, పాస్ 4,270, తేడా 2,200 మీటర్ల పైచిలుకు. వెయ్యి మీటర్లు ఎక్కితే సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది, కాబట్టి మనాలి అంకెలోంచి 14 తీసెయ్యండి. అక్కడ 12 ఉంటే పాస్ మీద మైనస్ 2, మంచు గట్టిపడుతుంది. 16 ఉంటే పైన కూడా సున్నా మీదే, అనుమానించాలి. దానికితోడు రాత్రి ఆకాశం చూడాలి. చుక్కలు కనపడే రాత్రి నేల వేడి పైకి పోతుంది, మంచు బిగుస్తుంది. మబ్బు పట్టిన రాత్రి దుప్పటి కప్పినట్టే, మంచు తెల్లారేదాకా మెత్తగానే ఉండిపోతుంది. అలాంటి రాత్రి తర్వాత పొద్దున్నే లేచి బయల్దేరినా లాభం లేదు, నిటారు వాలుల మీద తడిమంచు జారే ప్రమాదం కూడా ఎక్కువ. మంచు చరియల హెచ్చరికలు ఇచ్చే రక్షణ శాఖ సంస్థ డీజీఆర్‌ఈ ఒకటి చండీగఢ్‌లో ఉంది, వాళ్ల బులెటిన్ ఉన్న రోజుల్లో అదీ చూడండి.

నాసా వాళ్ల వరల్డ్‌వ్యూ కూడా వాడి చూశాను. అది రోజూ ఫోటో ఇస్తుంది, అదొక్కటే దాని బలం, గడి మాత్రం 250 మీటర్లు, అంటే పదిహేను ఎకరాలకి ఒక చుక్క. మొన్న కొత్తగా మంచు పడిందా లేదా అని చూడటానికి చాలు. మబ్బు లేని రోజు ఏదో అందులో చూసుకుని కోపర్నికస్‌లో ఆ తేదీ ఉందేమో వెతుక్కోవచ్చు. అంతకుమించి వద్దు.

ఇక మా రెండో ప్రయాణం. ఈసారి మనాలిలో గైడుని ముందే ఫోన్‌లో మాట్లాడుకుని ఒకటే షరతు పెట్టాం, వాగు దాటడం పొద్దున్నే, టెంట్లు వాగుకి ఇవతలే. ఆయన సంతోషంగా ఒప్పుకున్నాడు, చాలామంది తొందరపెడతారే తప్ప ఇలా అడగరు అన్నాడు. పాస్ ఎక్కే రోజు తెల్లవారుజామున నాలుగింటికి లేచి టెంట్ బయటికొస్తే ఆకాశం నిండా చుక్కలు. మంచు మీద మడమతో కొట్టి చూశాను, బూటు గుర్తు కూడా సరిగ్గా పడలేదు, సిమెంటు మీద కొట్టినట్టుంది. స్పైక్స్ వేసుకుని నడుస్తుంటే కరకరమని చప్పుడు. తొమ్మిదిన్నరకల్లా పాస్ దాటేశాం. దిగేవైపు పదిన్నరకి చీలమండ దాకా దిగడం మొదలైంది, పదకొండుకి పిక్కల దాకా. అది మోకాలి దాకా వచ్చేలోపు మేం రాళ్ల మీదకి వచ్చేశాం. ఒక చిన్న సంగతి గుర్తుపెట్టుకోండి, మంచులోంచి పెద్ద బండరాయి పైకి తేలి ఉంటే దాని పక్కన అడుగు వేయకండి. రాయి ఎండకి వేడెక్కి చుట్టూ మంచుని లోపలి నుంచి కరిగిస్తుంది, పైకి చదునుగా కనపడుతుంది, కింద ఖాళీ. మా బావ కాలు మొదటిసారి ఇరుక్కున్నది సరిగ్గా అలాంటి చోటే. ఈసారి వాడే అందరినీ దూరం జరగమని అరుస్తూ నడిచాడు.

షియా గోరు వాగు ఒడ్డుకి మధ్యాహ్నం చేరాం. వాగు బియ్యం కడిగిన నీళ్లలా తెల్లగా ఉంది, అడుగు కనపడదు. దగ్గర నిలబడి వింటే నీళ్ల చప్పుడు కింద ఇంకో చప్పుడు, గడగడమని రాళ్లు దొర్లుతున్న చప్పుడు. అది వినపడినప్పుడు దిగకూడదు. నేను మా ఊళ్లో వరదకి చేసే పనే చేశాను. మన దగ్గర నీళ్లు గట్టెక్కుతున్నప్పుడు నీటి అంచున పుల్ల గుచ్చి గంట తర్వాత వెళ్లి చూస్తాం కదా, పెరుగుతోందా నిలిచిందా అని. అక్కడ పుల్ల గుచ్చడానికి నేల లేదు, అందుకని నీటి అంచు నుంచి పైకి పిడికెడంత రాళ్లు మూడు ఒకదాని తర్వాత ఒకటి పెట్టి, అన్నిటికన్నా పైనున్నదానికి బావ ఎర్ర రుమాలు చుట్టాడు. మూడున్నరకి పెట్టాం. నాలుగున్నరకి కింద రెండు రాళ్లు మునిగాయి. అయిదున్నరకి రుమాలు రాయి కూడా తడిసింది. రాత్రి ఎనిమిదింటికి టార్చి వేసి చూస్తే ఇంకా అలాగే ఉంది. ఎండ పోగానే వాగు తగ్గిపోదు, పైన కరిగిన నీళ్లు కిందకి రావడానికి టైము పడుతుంది, భద్రాచలం నుంచి మనకి వచ్చినట్టే, కాకపోతే అక్కడ రోజు కాదు, గంటలు.

పొద్దున్న ఆరు కావస్తుండగా వెళ్లి చూశాం. మూడు రాళ్లూ పొడిగా ఉన్నాయి, నీళ్లు వాటికి జానెడు కిందకి దిగిపోయాయి. రుమాలు గడ్డకట్టి బిగుసుకుపోయింది. రాళ్ల చప్పుడు లేదు. మేం వాగు వెంబడి కొంత పైకి నడిచి, నీళ్లు రెండు మూడు పాయలుగా చీలి వెడల్పుగా పరుచుకున్నచోటు చూసుకున్నాం. వేసవిలో లంకకి నడిచి దాటేవాళ్లందరికీ ఇది తెలుసు, ఇరుకుగా నున్నగా పారేచోట లోతు, వెడల్పుగా చిన్న చిన్న అలలు లేచేచోట పల్చన. తేడా అడుగున ఉంది. మన దగ్గర కాలి కింద ఇసుక జారుతుంది, అక్కడ రాయి దొర్లుతుంది. అందుకే వట్టి కాళ్లతో దిగకూడదు, పట్టీలున్న శాండల్స్ వేసుకుని దిగాం. బ్యాగు నడుము బెల్టు, ఛాతీ బెల్టు విప్పేసుకున్నాం, పడితే బ్యాగు వదిలేసి లేవాలి కదా. ముఖం ప్రవాహం వచ్చేవైపు పెట్టి, కర్ర ముందు నాటి, ఒక్కో కాలూ పక్కకి జరుపుకుంటూ, ఒకరి భుజం ఒకరు పట్టుకుని దాటాం. నీళ్లు మోకాలి కిందే. నీటి వడి రెండింతలైతే తోపు నాలుగింతలవుతుంది, కాబట్టి నడుము లోతు సాయంత్రానికీ మోకాలి లోతు పొద్దుటికీ తేడా అంకెల్లో కనపడేదానికన్నా చాలా ఎక్కువ. చలికి కాళ్లు మంటలు పుట్టాయి, ఏడుపొచ్చినంత పనైంది, అయినా నాలుగు నిమిషాల్లో నలుగురం అవతల ఉన్నాం. బావ ఫ్రెండ్, అప్పుడు పడిపోయినవాడు, గట్టెక్కి రాయి మీద కూర్చుని చాలాసేపు వాగు వైపే చూశాడు. మేమెవరం ఏమీ అనలేదు.

రివ్యూ కాబట్టి మార్కులు. మంచు ఎంత మేర ఉంది, ఏ వాలు మీద ఉంది, కిందటేడాదితో పోలిస్తే ముందుందా వెనకుందా, ఈ మూడింటికీ కోపర్నికస్ బ్రౌజర్‌కి అయిదుకి అయిదు. ఉచితంగా దొరికేవాటిలో నేను ఇంతకన్నా మంచిది చూడలేదు. మబ్బు రోజులకి అయిదుకి రెండు, అది వాళ్ల తప్పు కాదు, మామూలు కెమెరా ఏదైనా అంతే, కానీ మీ ప్రయాణం ముందు వరసగా రెండు మూడు ఫోటోలు మబ్బుకి పోతే మీ చేతిలో పదిహేను రోజుల పాత సమాచారమే మిగులుతుంది. సెంటినెల్-1 రాడార్ ఫోటోలు కూడా అందులోనే ఉన్నాయి, అవి మబ్బులోంచి చూస్తాయి, తడిమంచు ముదురుగా కనపడుతుంది. కొండల్లో వాటిని చదవడం మాత్రం కష్టం, నేనింకా నేర్చుకుంటున్నాను. వాగు సంగతికి సున్నా. దానికి నిన్నో మొన్నో దాటొచ్చిన మనిషిని అడగాలి, ఏ టైముకి దాటారో కూడా అడగాలి. టైము చెప్పకుండా "నీళ్లు మోకాలి దాకానే" అంటే అది ఎందుకూ కొరగాని మాట.

ఏజెన్సీలకి ఫోన్ చేసేటప్పుడు "మంచుందా" అని అడగకండి. ఆఖరి బ్యాచ్ పాస్ దాటింది ఏ తేదీన, వాగు దాటింది ఎన్ని గంటలకి, టెంట్లు ఏ ఒడ్డున వేస్తారు, రాత్రి గడ్డకట్టకపోతే ఏం చేస్తారు, ఇవి అడగండి. తడుముకుంటే వేరేవాళ్లని చూసుకోండి. 2024 జూన్ మొదట్లో ఉత్తరాఖండ్‌లో సహస్రతాల్ దారిలో వాతావరణం చెడి కర్ణాటక నుంచి వెళ్లినవాళ్లు తొమ్మిదిమంది చనిపోయారు. జూన్ అంటే మనకి రోళ్లు పగిలే ఎండలు, అక్కడ ఆ ఎత్తున ఇంకా చలికాలం అయిపోలేదు. ఈ సంగతి ఇంట్లో పెద్దవాళ్లకి కూడా చెప్పి, వాళ్లకి మీ తేదీలు, దారి కాగితం మీద రాసిచ్చి వెళ్లండి.

వచ్చే ఏడాదికి రూపిన్ పాస్ అనుకుంటున్నాం, మార్చి నుంచి ఫోటోలు దాచడం మొదలుపెడతాను. ఈలోపు జులై వచ్చేస్తుంది. మావయ్య రాడార్ ఫోటోల్లో వరద కనపడుతుందని తెలిసిన దగ్గర నుంచి, శాటిలైట్ మళ్లీ ఎప్పుడొస్తుందో క్యాలెండర్ మీద రాసి పెట్టమంటున్నాడు. క్యాలెండర్లో రెండు తేదీలకి ఎర్ర ఇంకుతో సున్నాలు చుట్టి ఇచ్చాను.